పండుగ ఎవరిది? పని ఎవరిది?



గోడమీది తెలుగు క్యాలెండరును నీవు ప్రతిదినము చూచుచునే ఉందువు. తిథి, వారము, నక్షత్రము, రాహుకాలము, ఇంగ్లీషు తేదీ, ముసల్మానుల తేదీ, అన్నియు ఆ చిన్న గడిలో ఇరికించబడి ఉండును. దానిని మనము చూచుటే గాని చదువుట అరుదు. 2022వ సంవత్సరపు ఏప్రిల్ నెల కాగితము నీయొద్ద ఇంకను ఉన్నయెడల తీసి చదువుము. 2వ తేదీ శుభకృత్ నామ సంవత్సర ఉగాది. మరునాడు, 3వ తేదీన, మన దేశములో రంజాను ఉపవాసములు ఆరంభమైనవి. 10వ తేదీ ఆదివారము శ్రీరామనవమి. క్రైస్తవులకు అదే దినము మట్టల ఆదివారము. 14వ తేదీ జైనుల మహావీర జయంతి. అంబేడ్కరు జయంతియు ఆనాడే. 15వ తేదీ గుడ్ ఫ్రైడే. ఆ సాయంకాలముననే యూదులు పస్కా భోజనమునకు కూర్చుండిరి. 16వ తేదీ చైత్ర పౌర్ణమి. 17వ తేదీ ఈస్టరు. పదునారు దినములలో ఐదు మతములవారు తమ తమ పెద్ద దినములను ఆచరించిరి, ఒకే చంద్రుని క్రింద.

నాగర్‌కర్నూలు జిల్లాలోని తెలకపల్లి వంటి మండల కేంద్రములో ఇది వింతగా కనబడదు. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే సంతలో కూరగాయలు కొనుచు, ఒకే బస్సు కొరకు కాచుకొనుచు ఉన్నచోట ఎదుటివాని పండుగ ఎప్పుడో ఎవరును ఎవరిని అడుగనక్కరలేదు. అయితే ఆ పండుగలు ఒక సంవత్సరము కలిసి, మరియొక సంవత్సరము ఎందుకు విడిపోవునో, ఆ దినములలో ఎవరు విశ్రమించిరో, ఎవరు పని చేసిరో, ఆ చరిత్రను మన పిల్లలకు చెప్పువారు తక్కువ. ఈ నెల దానినే నీ ముందు ఉంచగోరుచున్నాను.

మొదట లెక్క సంగతి. చంద్రుడు పండ్రెండు మారులు నిండుటకు 354 దినములు పట్టును. సూర్యుని సంవత్సరమునకు 365 దినములు చాలక ఇంకను కొంత మిగులును. ఈ పదకొండు దినముల తేడాను ఏమి చేయవలెను? మన పంచాంగకర్తలు ఆ దినములను కూడబెట్టి, 19 సంవత్సరములలో సుమారు ఏడు మారులు ఒక అధికమాసమును చేర్చుదురు. అందుచేత ఉగాది ఎన్నడును వానకాలమునకు జారిపోదు. యూదులును తమ లెక్కలో 19 సంవత్సరములకు ఏడు నెలలనే చేర్చుదురు. పస్కా వసంతకాలమున ఉండవలెనని వారికి ధర్మశాస్త్రపు ఆజ్ఞ గలదు. ఇస్లాము మాత్రము నెలను చేర్చుటను నిషేధించినది. అందువలన రంజాను ఎండకాలమునుండి చలికాలమునకు, చలికాలమునుండి వానకాలమునకు వెనుకకు నడచుచు, సుమారు 33 సంవత్సరములకు తిరిగి తన చోటికి వచ్చును. ఒక మనుష్యుడు తన జీవితములో మండుటెండలోను, మంచులోను, ముసురులోను ఉపవాసముండి తీరవలెను. ఎండకాలపు ఉపవాసము ఒక తరమువారికే పడకుండ అందరికిని సమముగా పంచబడినదని చెప్పవచ్చును.

ఇందుకు దృష్టాంతముగా మొహర్రమును చూడుము. 2024లో జూలై 17వ తేదీన మొహర్రము పదియవ దినమును తొలి ఏకాదశియు ఒక్కటే ఆయెను. 2025లో జూలై 6వ తేదీన మరల అట్లే జరిగెను. అంతకుముందు 2023లో అధిక శ్రావణము వచ్చియుండినందున అవి కలియలేదు; 2026లో అధిక జ్యేష్ఠము అడ్డువచ్చి ఆ జతను విడదీయును. రెండేండ్లు ఒకే దినమున ఒక వాడలో పేలపిండి, మరియొక వాడలో షర్బతు.

ఈ లెక్క భక్తికి మాత్రమే సంబంధించినదని తలంచవద్దు. పన్ను వసూలు చేయు ప్రభుత్వములకు ఇది పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది. 33 చాంద్ర సంవత్సరములు సుమారు 32 పంటల కాలమునకు సమానము. పన్ను చాంద్ర సంవత్సరమును బట్టి అడిగినయెడల, 32 పంటలు కోసిన రైతు 33 మారులు శిస్తు కట్టవలసివచ్చును. అందుచేతనే మొగలాయి కాలమున పంటను అనుసరించు ఫసలీ సంవత్సరము పుట్టినది. నిజాము రాజ్యములో దివాణపు వ్రాతలన్నియు ఫసలీలోనే సాగెను. పాలమూరు పల్లెలలోని పాత భూమి కాగితములలో 1357 ఫసలీ అని కనబడినయెడల అది 1947-48 అని తెలిసికొనుము. నమాజునకు హిజ్రీ, శిస్తునకు ఫసలీ, పెండ్లికి పంచాంగము, మిషను బడిలో ఇంగ్లీషు తేదీ: ఒక గ్రామమున నాలుగు కాలములు ఒకేసారి నడచినవి. పిల్లవాని పుట్టిన దినము అడిగినప్పుడు తల్లి ఈ నాలుగింటిలో ఏదియు చెప్పక, ఫలాని కరువు మరుసటి ఏడు అని చెప్పెడిది. నాకు ఆ లెక్కయే అన్నిటికంటె నమ్మదగినదిగా తోచును.

ఇప్పుడు తెలకపల్లి చుట్టుపట్ల ఒక ఏడాది నడచి చూతము. సంక్రాంతికి కొల్లాపురము దగ్గర సింగోటములో లక్ష్మీనరసింహస్వామి జాతర. మాఘమాసమున గద్వాల వైపు జమ్ములమ్మ జాతర. ఎండలు ముదిరి చైత్రమాసము నిండు వేళకు లింగాల మండలపు నల్లమల అడవిలో సలేశ్వరము. లోయలోనికి దిగి, బండల మధ్య ఇరుకు దారిలో నడచి, ఎత్తునుండి దూకు నీటిని, గుహలోని లింగమయ్యను జనము దర్శించుకొందురు. అక్కడ పూజారులు చెంచులు. పెద్ద పులుల అభయారణ్యమగుటచేత అటవీశాఖవారు పున్నమి చుట్టు కొన్ని దినములు మాత్రమే దారి విడుతురు.

ఈ సలేశ్వరపు పున్నమికిని మన ఈస్టరుకును గల సంబంధము అనేకులకు తెలియదు. క్రీ. శ. 325లో నికయ సభ, క్రైస్తవులందరు ఒకే ఆదివారమున ఈస్టరు ఆచరించవలెనని తీర్మానించెను. పిమ్మట స్థిరపడిన లెక్క ప్రకారము, మార్చి 21న గాని అటుతరువాత గాని వచ్చు పున్నమి దాటిన మొదటి ఆదివారమే ఈస్టరు. అందుచేత అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25కు తరువాత రాదు. ఆ పున్నమి కొన్ని ఏండ్లలో మన ఫాల్గుణ పౌర్ణమి, అనగా హోళీ. అనేక సంవత్సరములలో చైత్ర పౌర్ణమియే. 2019లో ఏప్రిల్ 19వ తేదీ గుడ్ ఫ్రైడే. చైత్ర పౌర్ణమియు సరిగా ఆ దినమే. గెత్సేమనే తోటలో యేసుప్రభువు ప్రార్థించిన రాత్రి పస్కా రాత్రి గనుక, ఆ ఒలీవ చెట్లమీద ప్రకాశించినది నిండు చంద్రుడే. అట్టి చంద్రుని వెలుగులోనే లింగమయ్యను చూడబోవువారు నల్లమలలో నడచుదురు. రెండు విశ్వాసములు ఒకటని నేను చెప్పబోను. అవి ఒకటి కావు. వెన్నెల మాత్రము ఒక్కటే.

పీర్ల పండుగను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. 680వ సంవత్సరమున కర్బలా ఎడారిలో ప్రవక్త మనుమడైన హుస్సేను తన వారితో కూడ దప్పిగొని చంపబడెను. ఆ దుఃఖము అరబ్బు దేశమునుండి పారశీకమునకు, పారశీకమునుండి గోలకొండకు వచ్చెను. మహమ్మదు కులీ కుతుబ్ షా 1594 ప్రాంతమున హైదరాబాదులో బాద్షాహీ ఆశుర్ఖానాను కట్టించెను. నగరములో నల్లబట్టల శోకముగా ఉన్న ఆచారము పల్లెకు చేరువరకు వేరొక రూపము దాల్చెను. పీర్ల చావిడిలో లోహపు పీర్లకు రంగుబట్టలు చుట్టి నిలుపుదురు; చావిడి యెదుట గుండము త్రవ్వి నిప్పులు పోయుదురు; పీరును ఎత్తుకొనువాడు పెక్కు పల్లెలలో ముసల్మానుడే కాడు, కాపో గొల్లయో మాలయో అయి ఉండును. అనేక గ్రామములలో ముసల్మాను ఇండ్లు రెండో మూడో, కొన్నిట అవియు లేవు. ఐనను పీర్లు లేచును. మొక్కిన స్త్రీలు మలీద ముద్దలు తెచ్చి పెట్టుదురు. చదువరీ, ఆ మలీదయే, రొట్టెను నలిపి బెల్లము కలిపి కట్టిన ఆ ముద్దయే, ఆశ్వయుజమున సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టుమీద పంచిపెట్టబడును. వంటింటిలో మతభేదము నిలువదు.

బతుకమ్మ, దసరా సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. దీపావళి దాటిన పిమ్మట చిన్నచింతకుంట మండలమున కురుమూర్తి జాతర కార్తికమాసమంతయు సాగును. అందులో ముఖ్యమైన దినము ఉద్దాల పండుగ. ఉద్దాలనగా స్వామివారి చెప్పులు. వాటిని వడ్డేమాను గ్రామమున మాదిగలు నియమముతో ఉండి, తోలు కోసి, కుట్టి సిద్ధము చేయుదురు. ఆ చెప్పులు ఊరేగింపుగా కొండకు పోవును. వాటిని ఒక్కమారు తాకుటకు వేలకొలది జనము ఎగబడుదురు. ఏడాది పొడుగున తోలు ముట్టువానిని ముట్టనొల్లని కులములవారు ఆనాడు ఆ తోలును కన్నులకద్దుకొందురు. మరునాడు ఏమగునని నీవు అడిగినయెడల, పూర్వకాలమున మరునాడు అంతయు యథాప్రకారమే.

ఇక్కడనే నేను చెప్పదలచిన సంగతి ఆరంభమగుచున్నది. ఇంతవరకు చెప్పిన పండుగలలో ఒక్క శబ్దము తరచుగా వినబడును. జాతరలో అది ఉన్నది, పీర్ల గుండము దగ్గర ఉన్నది, బోనముల ముందు ఉన్నది, కురుమూర్తి ఉద్దాల ముందు ఉన్నది. అది డప్పు. కొట్టువాడు మాదిగ. ఆ పండుగ అతనిది కాకపోవచ్చును. గుడిలోనికి అతనికి ప్రవేశము లేకపోవచ్చును. అయినను అతడు రానిది పండుగ సాగదు. రానని చెప్పుటకు అతనికి అధికారము లేదు. తోలు తీయుట, మోట బొక్కెన కుట్టుట, చెప్పులు కుట్టుట, చావుకు పండుగకు డప్పు కొట్టుట, ఇవన్నియు అతని వంతు. అందుకు ప్రతిఫలముగా కల్లములో కొంత ధాన్యము మేరగా ముట్టును. ఊరందరికి పండుగ అయినప్పుడు అతనికి పని ఎక్కువ. ఊరికి పండుగ లేనప్పుడు అతనికి మామూలు పని. ఏడు దినములలోను, పండ్రెండు నెలలలోను, నాలుగు లెక్కలలోను వెదకినను ఇది నా దినము అని అతడు చెప్పుకొనదగినది ఒక్కటియు లేదు.

ఈ సంగతి మొదట బయటపడినది మన పాలమూరులో కాదు, ఒంగోలు ప్రాంతమున. అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ ఇ. క్లౌ దొరగారు 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలునకు కాపురము వచ్చెను. అదే సంవత్సరమున తాళ్లకొండపాడు గ్రామస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ బాప్తిస్మము పొందెను. అతడు తోళ్ల వర్తకము చేయుచు, అంతకుముందే ఒక యోగ మార్గమును అనుసరించి సత్యమును వెదకినవాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. పై కులములవారు కొందరు బోధ వినుటకు వచ్చుచుండిరి గాని, మాదిగలు చేర్చుకొనబడుట చూచి వెనుకకు మరలిరి.

క్రొత్తగా చేరినవారికి క్లౌ దొరగారు పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. నేడు చదువుటకు ఇవి ఏదో మడి ఆచారమువలె కనబడును. ఆనాటి గ్రామములో వీటి అర్థము వేరు. ఆదివారము పని లేదనగా, రెడ్డి పిలిచినప్పుడు రాను అనుట. విగ్రహములకు మ్రొక్కననగా, అమ్మవారి కొలుపునకు డప్పు కొట్టను అనుట. చచ్చిన పశువును తిననగా, ఆ పశువుతో ముడిపడిన చాకిరినంతటిని ప్రశ్నించుట. గ్రామ పెద్దలకు ఈ సంగతి వెంటనే తెలిసినది. వారు క్రీస్తును గూర్చి వాదమునకు దిగలేదు. డప్పును గూర్చి దిగిరి. ఆదివారము పనికి రానివానికి సోమవారమును పని లేదనిరి. కల్లములో మేర ఆపిరి. నీళ్లు తెచ్చుకొను చోటు మూసిరి. కొట్టిరి, అబద్ధపు నేరములు మోపిరి. క్లౌ దొరగారు జిల్లా అధికారుల యొద్దకు తిరిగిన తిరుగుళ్లలో పెక్కు ఈ తగవులను గూర్చినవే.

ఇట్టి కష్టము వచ్చినప్పుడు ఆదివారమును విడిచివేయుట సులభము. దేవుడు హృదయమును చూచును గదా, దినముతో పని ఏమని సరిపెట్టుకొనవచ్చును. వారు ఎందుకు విడువలేదు? దీనికి నాకు తోచిన కారణము ఒకటి చెప్పుదును. పది ఆజ్ఞలు పరిశుద్ధ గ్రంథములో రెండు చోట్ల వ్రాయబడియున్నవి. నిర్గమకాండములో విశ్రాంతి దినమునకు చెప్పబడిన కారణము సృష్టి: దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశకాండములో కారణము మారినది: మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి గనుక, మీ దాసుడును దాసియు ఎద్దును గాడిదయు కూడ విశ్రమించవలెను. దాసుడై యుండినవానికి విశ్రాంతి విడుదలకు గురుతు. ఆ మాదిగపల్లెలోని పామరునికి ఈ భేదమును ఎవరైనను వివరించిరో లేదో గాని, వివరించకయే అతనికి తెలిసియుండును. వారమునకు ఒక్క దినము తన ఒళ్లు తనది. దానిని కొనుటకు అతడు ఆరు దినముల కూటిని పణముగా పెట్టెను.

1876-78 నాటి ధాత కరువు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును కంట్రాక్టుగా తీసికొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చెను. కూటికొరకు చేరుదురేమోనని అంతకాలము బాప్తిస్మములు ఆపెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన పత్రికలు పలుమారులు చెప్పినవి. ఆ 2,222 మంది మరుసటి ఆదివారమున ఎవరి పొలమునకు పోలేదో, ఆ పొలముల యజమానులు ఏమనుకొనిరో అను సంగతి అంతగా చెప్పబడలేదు.

ఈ మిషనువారే 1885లో ఎల్బర్ట్ ఛూట్ దొరగారి ద్వారా పాలమూరునకు వచ్చిరి. ఆ ఊరు 1890లో నిజాము పేరిట మహబూబ్‌నగరమాయెను. 20వ శతాబ్దపు తొలి దశాబ్దమున మెన్నోనైట్ బ్రదరన్ మిషనుకు చెందిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ దొరగారు నాగర్‌కర్నూలులో మిషను బంగళా వేసిరి. 1937లో మహబూబ్‌నగరపు బాప్తిస్టు క్షేత్రమును మెన్నోనైట్ బ్రదరన్ వారే తీసికొనిరి. నిజాము రాజ్యములో ఈ చిక్కు ఇంకను ముదిరినది. అక్కడ దొరల గడీలకు వెట్టి. ప్రభుత్వ కచేరీలకు వారపు సెలవు శుక్రవారము. ఆదివారమునకు చట్టమునందు గాని ఆచారమునందు గాని ఏ గౌరవమును లేదు. ఆదివారము గుడిసె చర్చిలో కూర్చుండిన వెట్టివానికి ఆ కూర్చుండుటయే ఒక సాక్ష్యము. నైజాము ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి కూడినది. ఆ సభలవారు వెట్టికి విరుద్ధముగా పలికిన మాటలు చరిత్రలో స్థానము పొందినవి. అంతకుముందే వెట్టికి పోక మోకరించిన ఆదివారములు ఏ తీర్మానములోను వ్రాయబడలేదు.

ఒక్క మాట పక్కకు పోయి చెప్పెదను. మన పల్లెలలో నేడు క్రిస్మసు ఎంతటి పండుగ! కొత్తబట్టలు, నక్షత్రములు, విందులు. అయితే ప్రొటెస్టంటులందరు మొదటినుండి క్రిస్మసును ఇట్లే ఆచరించిరని తలంచినయెడల పొరబాటు. అమెరికాలో మసాచుసెట్సు వలసవారు 1659లో క్రిస్మసు ఆచరించినవానికి అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టము చేసి, 1681 వరకు రద్దుపరచలేదు. స్కాట్లండులో 1958 వరకు క్రిస్మసు సాధారణ సెలవు దినమే కాదు. బైబిలులో తేదీ లేని దినమును ఆచరింపరాదని వారి పట్టుదల. మన తెలుగు క్రైస్తవులు దానిని పట్టించుకొనలేదు. ఊరందరికి పండుగలున్నచోట తమకును ఒకటి ఉండవలెనని కొత్తబట్టలు కుట్టించుకొనిరి. వారి పక్షముననే నేనున్నాను. తెలంగాణ ప్రభుత్వము ఇప్పుడు క్రిస్మసు మరునాటిని సైతము సెలవు జాబితాలో చేర్చినది.

తన దినమును వెదకినవారు క్రైస్తవులు మాత్రమే కాదు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు మాల కులమున పుట్టినవారు. ఆయన చర్చికిని రాలేదు, జాతరకును పోలేదు; 1913లో వైశాఖ పౌర్ణమినాడు బుద్ధ జయంతి జరిపించెను. అంబేడ్కరుగారు నాగపురములో బౌద్ధము స్వీకరించిన 1956 అక్టోబరు 14వ తేదీకి అది నలుబది మూడు సంవత్సరములు ముందు. జంతుబలులు, కల్లు, జోగినుల ఆచారము లేని ఒక పండుగ తన జనమునకు కావలెనని ఆయన తలంచెను. ఆ పున్నమి ఎవరును డప్పు కొట్టుమని పిలువని పున్నమి.

ఆదివారపు చరిత్ర కూడ చిత్రమైనది. వారములకు గ్రహముల పేర్లు మన దేశమునకు పాతవే. ఏరణ్ అను చోట బుధగుప్తుని కాలపు 484వ సంవత్సరపు శాసనమున గురువారము పేరు కనబడును. ఆదివారము సూర్యుని వారము. తెలంగాణలో అది మల్లన్న వారము. కొమురవెల్లిలో సంక్రాంతినుండి ఉగాది వరకు ప్రతి ఆదివారము జాతరయే. ఆషాఢపు బోనములును ఆదివారములందే. రోమా చక్రవర్తి కాన్స్టంటైను 321లో ఆదివారపు సెలవును ఆజ్ఞాపించినప్పుడు న్యాయాధిపతులును పట్టణవాసులును విశ్రమించవలెననెను. పల్లెలో పొలము పనివారు మాత్రము పని చేసికొనవచ్చుననెను. పల్లెవానికి సెలవు లేకుండుట అంత పురాతనము! బొంబాయి బట్టల మిల్లులలో కూలీలకు ఆదివారము సెలవు 1890లో దొరికినది. దానికొరకు ఆందోళన నడిపినవాడు పాదిరి కాడు, ఫూలేగారి సత్యశోధక సమాజమునకు చెందిన నారాయణ మేఘాజీ లోఖండే. ఆదివారము ఖండోబా వారమని ఆయన వాదములో ఒకటి. ఆ ఖండోబాయే మన మల్లన్న.

ఇక గెజెటులో అచ్చుపడు ఎర్ర తేదీల సంగతి. ప్రభుత్వ సెలవుల జాబితాలకు ఆధారమైన చట్టములలో ఒకటి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము, దాని 25వ సెక్షను. హుండీయో ప్రామిసరీ నోటో చెల్లవలసిన దినము సెలవు దినమైనయెడల ఏమి చేయవలెనో చెప్పుట దాని ఉద్దేశము. అనగా ఆ జాబితా మొదట కాగితపు అప్పునకు విశ్రాంతి. బ్యాంకు మూయబడును, కచేరీ మూయబడును. పాలమూరు కూలీ మాటేమి? వానలు మోసగించిన ఈ మెట్ట నేలనుండి జనము గుంపు మేస్త్రీ చేత అడ్వాన్సు తీసికొని, దేశమంతట డ్యాములు, కాలువలు, రోడ్లు వేయుటకు పోవుట తరములనాటి కథ. ఉగాదికో, పీర్లకో, దసరాకో, క్రిస్మసుకో ఇల్లు చేరవలెనని వారి ఆశ. చేరుట చేరకపోవుట పండుగనుబట్టి కాదు, అడ్వాన్సులో ఇంకను తీరవలసిన దినములనుబట్టి.

డప్పు సంగతి ముగించి సెలవు తీసికొందును. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా అని పేరు మార్చిరి. ఆ జిల్లాలోనే ఈదుముడి అను గ్రామమున 1994 జూలై 7న మంద కృష్ణ మొదలగువారు మాదిగ దండోరాను ఆరంభించిరి. పేరయ్య తరమువారు ఆదివారము తమది కావలెనని ఏ డప్పును దించి మూలపెట్టిరో, ఆ డప్పునే వీరు తమ ఉద్యమపు గురుతుగా భుజమున వేసికొని ఊరూర తిరిగిరి. ఈ మారు ఎవరును పిలువలేదు, ఎవరును మేర కొలువలేదు. తొలినాటి మిషనరీలు డప్పును విగ్రహపు వాద్యమని గుడి బయట ఉంచిరి. నేడు డిసెంబరు 24 రాత్రి మన పల్లెలలో పాటలు పాడుచు ఇంటింటికి తిరుగు గుంపులు అనేకములలో నక్షత్రపు దీపము వెనుక నడచుచున్నది డప్పే. చలికి బిగువు తగ్గినప్పుడు కొట్టువారు దారిలో ఆగి, నాలుగు పుల్లలు మంట వేసి, దానిని కాచుకొని మరల నడచుదురు.